దండం నిదురించిన రాత్రి

శాస్త్రచర్చకు పూర్వం ఒక దోషాన్ని ఒప్పుకోవలసి ఉంది. అది నాదే.

2019 డిసెంబరు 6, శుక్రవారం. ప్రాతఃకాల దర్శనానికి మా కాలనీ ఆలయానికి వెళ్ళేసరికి ప్రాంగణంలో లడ్డూలు పంచుతున్నారు. పర్వదినం కాదు, ఎవరి జన్మదినమూ కాదు. ఆ తెల్లవారుజామున షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించారన్న వార్తకు ఆ మిఠాయి. నేను చేయి చాచాను. తిన్నాను. ప్రక్కనున్న మిత్రునితో "ధర్మం గెలిచిందండీ" అని కూడా అన్నాను. ముప్పయ్యేళ్ళు సంస్కృతం బోధించి, ఉద్యోగవిరమణానంతరం ప్రతి ఆదివారం ఆ ఆలయమండపంలోనే భాగవతగోష్ఠి నడుపుతున్నవాడిని. అహింసను గురించి నేను చెప్పినన్ని మాటలు ఆ మండపస్తంభాలు మరెవరి నోటా విని ఉండవు.

నా పక్షాన ఒక్క మాట. భయం మనిషిని ఏ స్థితికి తెస్తుందో అంతకు ముందరి తొమ్మిది దినాలలో అనుభవపూర్వకంగా తెలిసింది. నవంబరు 27 రాత్రి శంషాబాదు వద్ద తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలు అపహరణకు గురైంది. మరునాటి ఉదయం చటాన్‌పల్లి వంతెన క్రింద ఆమె దేహం దగ్ధమై కనిపించింది. లోకం ఆమెను 'దిశ' అన్న పేరుతోనే ఎరుగును. నేనూ అంతకు మించి చెప్పను. మా అమ్మాయి అప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేసేది. రాత్రి పదకొండుకు బయలుదేరి, క్యాబ్‌లో ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటేది. ఆ వార్త విన్న దినం మొదలు, ఆమె బయలుదేరిన క్షణంనుండి వీధి గేటు చప్పుడయ్యేవరకు నేను జపమాల పట్టుకొని కూర్చునేవాడిని. జపం సాగేది కాదు. సంఖ్య మాత్రం తిరిగేది.

ఆ లడ్డూ తిని ఇంటికి వచ్చి, నిద్రలేచిన అమ్మాయికి వార్త చెప్పాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "నాకూ సంతోషంగానే ఉంది నాన్నా. కానీ రేపు రాత్రి కూడా నేను అలాగే భయపడుతూనే వస్తాను కదా" అన్నది.

ఆ మాట నాకు వెంటనే అంతుపట్టలేదు. రెండు దినాల తరువాత, ఆదివారం గోష్ఠికి పుస్తకం తెరిచినప్పుడు పట్టింది. దైవవశాత్తు మేము ప్రథమస్కంధం సప్తమాధ్యాయానికి చేరి ఉన్నాం. అశ్వత్థామ నిద్రిస్తున్న ఉపపాండవులను సంహరించడం, అర్జునుడు అతనిని పట్టి, పశువును కట్టినట్టు కట్టి శిబిరానికి తీసుకురావడం, పుత్రశోకంతో దగ్ధమవుతున్న ద్రౌపది అతనిని చూచి గురుపుత్రుడని నమస్కరించి విడిచిపెట్టుమనడం అందులోని ఘట్టాలు. తానేడ్చినట్టు ఇతని తల్లి కృపి ఏడవరాదని ఆమె కోరుతుంది. మామూలుగా ఆ ఘట్టానికి నేను గంటన్నర తీసుకుంటాను. పోతనామాత్యుడు ద్రౌపదీహృదయాన్ని చిత్రించిన తీరు చెప్తూ కంట తడిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆ దినం మాత్రం నాలుగు వాక్యాల్లో దాటవేశాను. శుక్రవారం తిన్న తీపి నాలుకపై ఉండగానే ఆదివారం ఆ క్షమను వర్ణించడం నా వల్ల కాలేదు.

దాటవేయనివ్వలేదు ఒకరు. వెనుక వరుసలో కూర్చొనే ఒక పెద్దావిడ, ఎన్నడూ నోరు విప్పని మనిషి, లేచి అడిగింది: "ద్రౌపది క్షమించింది, బాగానే ఉంది గురువుగారూ. నిద్రలోనే తలలు తెగిన ఆ పిల్లలు క్షమించారా? వాళ్ళ తరఫున క్షమించే అధికారం తల్లికైనా ఎక్కడిది?" సభ నిశ్శబ్దమైంది. నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, గుర్తుంచుకోదగినదీ కాదు. ఆమె కుమారుడు కొన్నేళ్ళ క్రితం ఒక తగాదాలో హత్యకు గురయ్యాడని తరువాత ఎవరో చెప్పారు. ఆ ప్రశ్ననుండే ఈ వ్యాసం పుట్టింది.

ముందు శాస్త్రాన్ని నిజాయితీగా చూద్దాం. మన ధర్మశాస్త్రాలు మరణదండనను నిషేధించాయని ఎవరైనా అంటే అది ప్రియమే కాని సత్యం కాదు. మనువు వధను విధించాడు. కౌటిల్యుడు శుద్ధవధ, చిత్రవధ అని విభాగించి మరీ విధించాడు. ఇంకొకటి: ఆ వారమంతా మిత్రులు పదేపదే ఉదాహరించిన 'ఆతతాయి' వచనమూ స్మృతులలో ఉన్నదే. నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధపాణియై మీదికి వచ్చేవాడు, ధనాన్ని, క్షేత్రాన్ని, భార్యను అపహరించేవాడు, ఈ ఆరుగురూ ఆతతాయులు. మీదికి వస్తున్న ఆతతాయిని సంహరించడంలో దోషం లేదన్నారు. కాని గమనించండి. అది ఆ క్షణానికి చెందిన ఆత్మరక్షణ. పట్టుబడి, రాజభటుల అధీనంలో ఉన్నవాడు ఆతతాయి ఎలా అవుతాడు? భాగవతంలో ఈ చిక్కుముడినే శ్రీకృష్ణుడు అర్జునుని ముందు ఉంచాడు: బ్రాహ్మణుడు వధ్యుడు కాడు, ఆతతాయి వధ్యుడే, రెండూ నేను చెప్పినవే, రెంటినీ పాటించు అని. భీముడు చంపుమన్నాడు, ద్రౌపది వద్దన్నది. అర్జునుడు శిరోజాలతో సహా అశ్వత్థామ శిరోమణిని ఛేదించి, అతనిని వెళ్ళగొట్టాడు. దండన జరిగింది. ప్రాణం మిగిలింది.

అయితే మూలభారతంలోని సౌప్తికపర్వానికి వెళ్తే ద్రౌపది స్వరం వేరు. అక్కడ ఆమె అశ్వత్థామ వధను కోరి ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. వ్యాసభగవానుడే ఒకచోట ప్రతీకారాగ్నిని, మరొకచోట క్షమను అదే తల్లికి ఇచ్చాడు. ఏది అసలు ద్రౌపది అని పండితులు వాదించుకోవచ్చు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిలో రెండూ ఉంటాయని నాకనిపిస్తుంది.

ఇక దండనీతి సారానికి వస్తే, మనువు దండాన్ని నిద్రలేని కాపరిగా వర్ణించాడు. లోకం నిదురించే వేళ అది మేలుకొని ఉండాలి. దండమహిమ అనగానే మనం దాని ఉగ్రతనే తలచుకుంటాం, దాని జాగరణను మరచిపోతాం. నవంబరు 27 రాత్రి ఏం జరిగిందో స్మరించండి. తనకు భయంగా ఉన్నదని ఆ యువతి చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. తరువాత ఫోన్ మూగబోయింది. కుటుంబం పోలీసులను ఆశ్రయిస్తే, ఇది మా పరిధి కాదంటూ కాలయాపన చేశారన్న ఆరోపణ వచ్చింది. కేసు నమోదులో జాప్యానికి ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు కూడా. పరిధి ఎవరిదైనా ముందు ఫిర్యాదు నమోదు చేయవలసిందేనన్న జీరో ఎఫ్ఐఆర్ విధానం అప్పటికే ఉన్నది. దండం మేలుకొని ఉండవలసిన ప్రహరంలో నిదురించింది. తొమ్మిది దినాల తరువాత ఉలిక్కిపడి లేచి, చేతికందిన వారిని కొట్టింది. మనం పూలు చల్లాం. ఇది ఉపమానం కాదు. ఆ ఉదయం పోలీసులపై జనం నిజంగానే పూలరేకులు చల్లారు.

మరునాడే జోధ్‌పూర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బోబ్డే, న్యాయం తత్క్షణమే సిద్ధించే వస్తువు కాదని, ప్రతీకారమైతే అది తన స్వభావాన్నే కోల్పోతుందని అన్నారు. ఆయన మాట నాకు ఆ దినం చేదుగా తోచింది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక వెలుగుచూసింది. ఎదురుకాల్పుల కథనం నమ్మదగినది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసులపై హత్యాభియోగంతో విచారణ జరగాలని అందులో ఉన్నది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా కమిషన్ నిర్ధారించింది. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది.

మైనర్లన్న మాట చదివిన రాత్రి నాకు మాండవ్యుడు గుర్తుకొచ్చాడు. ఆదిపర్వకథ మీకు తెలిసినదే. దొంగలు ఆశ్రమంలో సొమ్ము దాచారు. మౌనవ్రతంలో ఉన్న ముని భటులకు బదులు చెప్పలేదు. రాజు విచారించకుండా ఆయననూ దొంగలతో పాటు శూలానికి ఎక్కించాడు. ముని మరణించలేదు. తనకీ శిక్ష ఎందుకు ప్రాప్తించిందని స్వయంగా ధర్మదేవతనే అడిగాడు. బాల్యంలో పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చిన ఫలమని జవాబు. ఇంత చిన్న దోషానికి ఇంత దండనా అని మాండవ్యుడు ధర్మునే శపించి, మానవుడిగా పుట్టించాడు, ఆయనే విదురుడు. అంతేకాదు, పద్నాలుగేండ్ల లోపు చేసిన పనికి పాతకం అంటదని మర్యాదను స్థాపించాడు. మన పురాణం ఎంత ధైర్యశాలి! దండన పరిమాణం తప్పితే ధర్మదేవతకైనా శిక్ష తప్పదని చెప్పింది. చటాన్‌పల్లి నిందితుల వయస్సు మాండవ్యుని మర్యాదకు లోపలిదని నేననడం లేదు. విచారణే జరగలేదు కనుక, వారు దోషులా, ఎవరి దోషం ఎంత అన్నది ఏ న్యాయస్థానమూ ఎన్నటికీ నిర్ణయించలేదు. ఆ యువతి తల్లిదండ్రులకు దక్కవలసిన నిర్ధారిత సత్యాన్ని కూడా ఆ తూటాలు పట్టుకుపోయాయి.

"అది ఎన్‌కౌంటర్, మరణశిక్ష వేరు, న్యాయస్థానం విచారించి విధిస్తుంది కదా" అంటారు. నిజం, వేరే. కాని రెంటినీ కోరే గొంతు ఒక్కటే. 2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ ఘాతుకం తరువాత వీధుల్లో వినిపించినది ఉరి నినాదమే. చట్టాలను పరిశీలించిన జస్టిస్ వర్మ కమిటీ మాత్రం అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయలేదు. ఆ కేసులో నలుగురిని 2020 మార్చి 20న తీహార్ జైలులో ఉరితీశారు. దిశ ఘటన జరిగిన పక్షం దినాలకే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది: ఏడు పనిదినాలలో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాలలో విచారణ, అత్యాచారానికి ఉరి. అది రాష్ట్రపతి ఆమోదముద్రకు నోచుకోక చట్టం కాలేదు. 2024లో కోల్‌కతా వైద్యశాలలో యువవైద్యురాలి హత్య అనంతరం పశ్చిమబెంగాల్ శాసనసభ ఇంచుమించు అదే దారిలో అపరాజిత బిల్లు తెచ్చింది. ప్రజల భయం ఉప్పొంగిన ప్రతిసారీ పాలకుల చేతికి అందే చవకైన సాధనం ఉరితాడు. దీపస్తంభాలకు ఖర్చవుతుంది, సాక్ష్యాధారాల పరీక్షాశాలలకు ఖర్చవుతుంది, రాత్రిపూట ఠాణాలో మర్యాదగా మాట్లాడే మనిషిని కూర్చోబెట్టడానికీ ఖర్చవుతుంది. ఉరి అనే మాటకు ఏమీ ఖర్చు కాదు.

ఇక్కడ నా మనస్సును కలచిన మరొక విషయం. దిశ ఘటనకు మూడు దినాల ముందు, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాను అమ్ముకొనే ఒక పేద స్త్రీపై అదే విధమైన ఘోరం జరిగింది. ఆమెకు 'సమత' అని పేరు పెట్టారు. విచారణ సక్రమంగా సాగి, 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక న్యాయస్థానం ముగ్గురికి మరణశిక్ష విధించింది. మనం అడిగిన శీఘ్రవిచారణ, అడిగిన శిక్ష, రెండూ అక్కడ జరిగాయి. మా ఆలయంలో ఎవరూ లడ్డూలు పంచలేదు. నేనైనా ఆ వార్తను ఎంత శ్రద్ధగా చదివానో చెప్పలేను. సర్వభూతాలలో ఒకే ఆత్మను దర్శించాలని వారం వారం ప్రవచించేవాడికి ఒక స్త్రీ మరణం గుండెను పిండింది, మరొక స్త్రీ మరణం వార్తాపత్రికలో ఒక పేరా అయింది. నా క్రోధం ధర్మాగ్రహమే అయితే ఈ భేదం ఎక్కడినుండి వచ్చింది? మా అమ్మాయి టోల్‌ప్లాజాల దారిలో వస్తుంది, లింగాపూర్ పల్లెదారుల్లో నడవదు. అంతే కారణం. నా క్రోధమంతా నా భయమే.

న్యాయస్థానాల దృష్టి ఏడు దశాబ్దాలలో మారుతూ వచ్చిన తీరు కూడా ఆలోచింపజేస్తుంది. పూర్వం హత్యానేరానికి ఉరి విధించకపోతే ఎందుకు విధించలేదో న్యాయమూర్తి వ్రాయవలసి వచ్చేది. 1955లో ఆ నిబంధన పోయింది. 1973 నాటి నేరవిచారణ స్మృతి దానిని తలక్రిందులు చేసి, ఉరి విధిస్తేనే ప్రత్యేక కారణాలు వ్రాయాలన్నది. 1980లో బచన్ సింగ్ తీర్పు 'అత్యంత అరుదైన' సందర్భాలకే దానిని పరిమితం చేసింది. 2015లో లా కమిషన్ తన 262వ నివేదికలో ఉగ్రవాద, యుద్ధ సంబంధ నేరాలు తప్ప మిగిలిన వాటికి మరణశిక్షను తొలగించాలని సిఫారసు చేసింది. వీటన్నిటికంటె ముందే, 1949లో, రాజ్యాంగసభలో డాక్టర్ అంబేడ్కర్ మరణశిక్షను రద్దు చేయడమే మేలన్న అభిప్రాయం వ్యక్తం చేశారు. ఈ దేశప్రజలు ఆచరణలో పాటించకపోయినా అహింసను నైతికాదర్శంగా అంగీకరిస్తారన్నదే ఆయన ఆధారం. ఆ వాక్యంలోని చురుకు నాకు శుక్రవారం లడ్డూ తిన్న తరువాతే తగిలింది.

శాంతిపర్వం మోక్షధర్మభాగంలో అంతగా ప్రచారంలో లేని ఒక సంవాదం ఉంది. ఎవరినీ హింసించకుండా రాజు ప్రజలను ఎలా రక్షించాలని ధర్మరాజు అడిగితే, భీష్ముడు ద్యుమత్సేన సత్యవంతుల సంభాషణ వినిపిస్తాడు. సావిత్రి కథలో వినే ఆ పేర్లే. తండ్రి ఆజ్ఞతో కొందరిని వధకు తీసుకుపోతుంటే కొడుకు అడ్డుపడి, వధ ధర్మం కాజాలదంటాడు. తండ్రి వాదం బలహీనమైనదేమీ కాదు: దస్యులను విడిచిపెడితే లోకం అస్తవ్యస్తం కాదా? పూర్వం ధిక్కారం చాలేది, తరువాత కఠినవాక్కు, తరువాత ధనదండన; ఇప్పటి మనుష్యులకు వధ కూడా చాలడం లేదు. వేల ఏండ్ల క్రితపు ఈ ఫిర్యాదు నిన్నటి టీవీ చర్చలా లేదూ! సత్యవంతుని సమాధానం నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఒక దస్యుని చంపిన రాజు ఏ పాపమూ ఎరుగని అతని భార్యను, తల్లిని, తండ్రిని, బిడ్డను కూడా చంపినవాడవుతాడని, దుష్టుడు సైతం సాధుసంగతితో మారవచ్చునని, సమూలంగా పెకలించవద్దని అతడంటాడు. బంధనాది ఇతరదండనలను అతడు కాదనలేదు.

ఆ తల్లి అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆమెను నేను చూశాను.

1978లో మా చిన్నమావయ్య హత్యకు గురయ్యాడు. గోదావరి లంక గ్రామం మాది. కొబ్బరి అమ్మిన సొమ్ముతో రాత్రి సైకిలుపై వస్తుంటే ఇద్దరు అటకాయించి చంపారు. పాతికేళ్ళవాడు. న్యాయస్థానం యావజ్జీవం విధించింది. ఉరి పడలేదని తాతగారు చివరివరకు కుములుతూనే ఉన్నారు. భోజనం దగ్గర ఆ ప్రస్తావన రాని దినం ఉండేది కాదు. ఒకసారి మాత్రం అమ్మమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, "వాణ్ణి ఉరి తీస్తే నా పిల్లాడి కంచం మళ్ళీ పెట్టుకుంటానా?" అన్నది. తాతగారు సగంలో లేచిపోయారు.

శిక్ష పడిన మరుసటి వేసవిలో, సెలవులకు వెళ్ళి నేను ఆ ఇంట్లో ఉండగా, ఒక మిట్టమధ్యాహ్నం ఒక ముసలామె వచ్చి వీధి అరుగు క్రింద నిలబడింది. చెప్పులు లేవు. ఆ ఇద్దరిలో ఒకడి తల్లి. ఏమీ అడగలేదు. ఏడుస్తూ నిలబడింది. ఇంట్లోవాళ్ళం ఎవరం కదలలేదు. అమ్మమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె త్రాగేవరకు ఆగి, "నీ కొడుకు బతికున్నాడమ్మా. వెళ్ళి చూసుకో. మా గుమ్మంలోకి మాత్రం మళ్ళీ రాకు" అన్నది. చెంబు తీసుకొని, దాన్ని రెండుసార్లు కడిగి, బోర్లించింది.

అమ్మమ్మ క్షమించిందని నేను చెప్పను. ఆ ఇద్దరి పేర్లు ఆమె నోట చచ్చేవరకు రాలేదు. మావయ్య ఆబ్దికం నాడు ఆమె ముఖం చూడటానికి మాకు భయంగా ఉండేది. ఆమె భాగవతం చదువుకోలేదు, కృపి పేరు విన్నదో లేదో తెలియదు. క్షమించకుండానే ఆ దాహాన్ని తీర్చింది. కోపాన్ని విడువకుండానే ఆ మరొక తల్లిని గుర్తించింది. నేను ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పిన సంస్కృతంలో ఈ స్థితికి పదం వెతుకుతున్నాను. 'క్షమ' కాదు. 'ఉపేక్ష' అసలే కాదు.

కాబట్టి మరణదండన విషయంలో నా అభిప్రాయం అడిగితే, ఇప్పుడు నేను దానికి వ్యతిరేకిని. నేరస్థులు జాలికి అర్హులని కాదు. కొందరి కృత్యాలు విన్నప్పుడు నా పిడికిలి ఇప్పటికీ బిగుసుకుంటుంది. ఆ రాజులా మనమూ విచారించకుండా శూలం నాటగలమని, పూలు చల్లగలమని, నాకు నేనే సాక్ష్యం కనుక. చెరసాల తలుపు తెరిచి పొరపాటు దిద్దుకోవచ్చు, ఆలస్యంగానైనా. శూలం దించి అతికించడానికి అందరూ మాండవ్యులు కారు. తీక్ష్ణదండంతో ప్రజలు ఉద్వేగం చెందుతారని, మృదుదండంతో రాజు చులకన అవుతాడని, యథార్హదండమే పూజ్యమని కౌటిల్యుడు చెప్పింది నాకు ఆచరణసాధ్యంగా తోస్తున్నది. ఆ యథార్హత రాత్రి పదకొండు గంటలకు ఠాణా గుమ్మంలో మొదలుకావాలి.

కాని ఆ పెద్దావిడ ప్రశ్న అలాగే ఉంది. చనిపోయిన బిడ్డ తరఫున విడిచిపెట్టే అధికారం తల్లికి లేకపోతే, చంపించే అధికారం మాత్రం ఉన్నదా అని ఎదురుప్రశ్న వేయవచ్చు. తర్కానికి అది చాలు. కుమారుణ్ణి పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి తర్కం మాట్లాడటానికి నాకు నోరు రాదు. ఆ ఆదివారం తరువాత ఆమె గోష్ఠికి రావడం మానివేశారు. ఇంటికి వెళ్ళి పలకరించాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి వీధి మలుపు వరకు వెళ్ళి వెనుదిరిగాను.

ఈ కార్తీకమాసంలో మా మండపంలో భాగవతం మళ్ళీ ప్రథమస్కంధంనుండి ఆరంభమవుతోంది. ఈసారి కబురు పంపడం కాదు, ఆ ఇంటికి నేనే వెళ్తాను. ఆమె వచ్చినా రాకపోయినా, సప్తమాధ్యాయాన్ని నాలుగు వాక్యాల్లో దాటవేయను.